చుక్కకి మూడు గళ్ళు

నీలం సిరా మళ్ళీ అయిపోయిందని శారద ఫోన్ చేసినప్పుడు రాజీవ్ ఎవరిదో లాప్‌టాప్ విప్పుకుని తన రిపేరు షాపులో కూర్చున్నాడు. నెల తిరక్కుండా ఇది రెండోసారి. ప్రింటర్‌లో ఎరుపు నిండుగా ఉంటోంది, పసుపు సగం పైనే ఉంటోంది, నీలం ఒక్కటే అడుగంటిపోతోంది. ఎక్కడో కారుతోంది కాబోలనుకున్నాడు. విప్పిన స్క్రూలన్నీ ఒక సీసా మూతలో పోసి, షాపు షట్టర్ సగం దించి, నూజివీడు బస్టాండు వెనక సందులో ఉన్న స్కాన్ సెంటర్‌కి నడిచాడు. మే నెల మొదటి మంగళవారం. పదింటికే రోడ్డు మీద తారు మెత్తబడింది. మామిడికాయల ఆటోలు ఒకదాని వెనక ఒకటి మండీల వైపు పోతున్నాయి.

సెంటర్ గోపాలకృష్ణ గారిది. ఆయనకి అసలు వ్యాపారం మామిడికాయలు. ఈ సెంటర్ మేడ మీద రెండు గదుల్లో పెట్టాడు. స్కాన్ తీసేది శారద. పదిహేనేళ్ళ నుంచి ఇదే పని చేస్తోంది. చదివి రిపోర్టు రాసేది విజయవాడలో ఉండే డాక్టరు. పోయిన ఏడాది దాకా వారానికి రెండు రోజులు వచ్చేవాడు గానీ, ఇప్పుడు రావడం మానేశాడు. శారద తీసిన బొమ్మలు కంప్యూటర్ లోంచి ఆయనకి వెళతాయి, సాయంత్రానికి రిపోర్టు వస్తుంది.

రాజీవ్ ప్రింటర్ మూత తీసి, దూది స్పిరిట్‌లో తడిపి, హెడ్డు తుడిచాడు. కింద కాగితం పరిచి చూశాడు. ఎక్కడా కారడం లేదు. గీతల పేజీ ఒకటి తీస్తే నాలుగు రంగులూ తెగకుండా పడ్డాయి.

"ప్రింటర్ బానే ఉందండీ. మీరేదైనా రిపోర్టు ఒకటి తియ్యండి," అన్నాడు.

శారద ఎవరో పెద్దాయన గుండె రిపోర్టు తీసింది. రాజీవ్ దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. విసనకర్ర ఆకారంలో బూడిదరంగు గుండె. మధ్యలో చిన్న రంగు మచ్చ. పైన మూలగా మిషన్ వేసే అక్షరాలు, తేదీ, అంకెలు, లేత నీలంలో.

చెయ్యి ఆగిపోయింది. కాగితం పట్టుకునే లోపలి గదిలోకి వెళ్ళి స్కాన్ మిషన్ తెర చూశాడు. తెర మీద అవే అక్షరాలు నారింజ రంగులో ఉన్నాయి.

"శారద గారూ, పాత రిపోర్టుల్లో ఈ అక్షరాలు ఏ రంగులో ఉండేవి?"

"నారింజ రంగేనండీ, మిషన్ మీద ఉన్నట్టే. మీరు కొత్త కంప్యూటర్ పెట్టాక ఇలా నీలంగా వస్తున్నాయి. కంటికి చల్లగా ఉందిలే అనుకున్నాను."

రాజీవ్ అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు.

ఏప్రిల్ పదో తారీఖున పాత కంప్యూటర్ కాలిపోతే అతనే కొత్తది పెట్టాడు. స్కాన్ మిషన్ నుంచి బొమ్మ పట్టుకునే కార్డు పాతది దొరకలేదు, వేరే రకం తెచ్చాడు. ఆ కార్డు నుంచి బొమ్మ తీసి రిపోర్టులో అతికించే ప్రోగ్రాం అతను సొంతంగా రాసిందే. ఆ రోజు మొదట బొమ్మ ఏటవాలుగా చీలిపోయి వచ్చింది. కొత్త కార్డు ప్రతి వరస చివరా కొన్ని ఖాళీ గళ్ళు వదులుతోందని కనిపెట్టడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. వాటిని దాటేసి చదవమని ప్రోగ్రాంలో రాయగానే గుండె బొమ్మ నిలువుగా, నిక్కచ్చిగా వచ్చింది. ఆ సంబరంలో ఇంకేమీ చూడలేదు. బొమ్మ కాగితంలో పట్టక, కుడిపక్కన ఏ రంగు దేనికో చూపించే రంగుల పట్టీని కత్తిరించి మరీ పోయాడు.

తెర మీద ప్రతి చుక్కకీ మెమరీలో మూడు గళ్ళు ఉంటాయి. ఒక్కో గడిలో ఒక అంకె, సున్నా నుంచి రెండువందల యాభై ఐదు దాకా. పాత కార్డు ఆ గళ్ళలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే వరసలో అంకెలు పెట్టేది. కొత్త కార్డు నీలం, ఆకుపచ్చ, ఎరుపు అని పెడుతోంది. గడి మీద పేరేమీ రాసి ఉండదు, అంకె ఒక్కటే ఉంటుంది. అతని ప్రోగ్రాం మొదటి గడి ఎరుపే అనుకుని చదువుకుంటూ పోయింది. బూడిద రంగుకి మూడు గళ్ళలోనూ ఒకటే అంకె. అటునుంచి చదివినా ఇటునుంచి చదివినా బూడిదే. అందుకే గుండె గుండెలాగే ఉంది. నలుపు నలుపు, తెలుపు తెలుపు. మారింది ఆ చిన్న మచ్చ ఒక్కటే.

"ఈ మచ్చ దేనికండీ?" అని అడిగాడు.

"రక్తం ఎటు పోతోందో చూపిస్తుందండీ. చేత్తో పట్టుకుంటాం చూడండి, ఆ ప్రోబ్ వైపు వస్తుంటే ఎరుపు. దూరంగా పోతుంటే నీలం." చెబుతూ చెబుతూ శారద అతని చేతిలో కాగితం వంక చూసింది. తర్వాత తెర వంక చూసింది. చేతికున్న జెల్లు తుడుచుకోవడం మర్చిపోయి అలాగే నిలబడింది.

"నేను తీస్తానంతే రాజీవ్ గారూ. చదవను. బొమ్మలో ఏ రంగుందో పట్టించుకోను కూడా."

"డాక్టరు గారు ఈ బొమ్మలే చూసి రాస్తారా?"

"ఇవే."

బయట బెంచీ మీద ఎవరో దగ్గుతున్నారు. శారద తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఒక పాప వచ్చింది," అంది. "రెడ్డిగూడెం నుంచి. నాలుగేళ్ళుంటాయేమో. గుండెకి చిల్లు. చిల్లు లోంచి రక్తం ఎడమ నుంచి కుడికి పోతుంటే ఆపరేషన్ చేసి మూసేస్తారు. తిరగబడి కుడి నుంచి ఎడమకి పోతుంటే ఇంక ముట్టుకోరు. ముట్టుకుంటే ప్రాణానికే ముప్పంటారు. ఆ పాపకి తిరగబడిందని రాశారు డాక్టరు గారు. వాళ్ళమ్మ కింద మెట్ల మీద కూర్చుని చివరి బస్సు దాకా లేవలేదు."

"మీరు తీసేటప్పుడు మిషన్ మీద ఏ రంగుంది?"

శారద కళ్ళు మూసుకుంది. "ఎరుపే ఉన్నట్టు గుర్తండీ. ఒట్టేసి చెప్పలేను. రోజుకి ఎంతమందిని తీస్తానో."

ఆ తప్పు సరిచెయ్యడానికి అతనికి రెండు నిమిషాలు పట్టింది. ప్రోగ్రాంలో ఒక్క వరస, అందులో రెండక్షరాలు అటూ ఇటూ మార్చాడు. కత్తిరించిన పట్టీని మళ్ళీ బొమ్మ పక్కన పెట్టాడు. తర్వాత పాత బొమ్మలున్న ఫోల్డర్ తెరిచాడు. ఏప్రిల్ పది నుంచి ఇప్పటిదాకా గుండె స్కాన్‌లు నలభై మూడు. వాటన్నిటిలోనూ రంగులు సరిచేసి పెట్టాడు. ఒక్కో బొమ్మకీ ఒక నంబరుంది. పేరు లేదు. పేర్లు, ఊళ్ళు శారద రాసే రిజిస్టర్లో ఉంటాయి.

"రిజిస్టర్ ఒకసారి ఇవ్వండి."

"సార్‌ని అడక్కుండా ఇవ్వలేనండీ," అంది శారద నేల చూపులు చూస్తూ. "ఆ పాప పేరు మాత్రం పూజిత. నాన్న పేరు దుర్గాప్రసాద్. అది నాకు గుర్తుంది కాబట్టి చెబుతున్నాను. రిజిస్టర్ చూసి చెప్పింది కాదు."

గోపాలకృష్ణ గారు మండీలో ఉన్నారు. షెడ్డు కింద వరిగడ్డి పరిచి, దాని మీద బంగినపల్లి కాయలు గుట్టలుగా పోసి ఉన్నాయి. నలుగురు ఆడవాళ్ళు వాటిని సైజుల వారీగా ఏరుతున్నారు. ఆయన ఒక కాయ తొడిమ దగ్గర గిల్లి, కారిన సొన చూసి, పక్కవాడికి తలూపాడు. రాజీవ్ చెప్పిందంతా విన్నాడు. మధ్యలో రెండు ఫోన్లు మాట్లాడాడు గానీ విన్నాడు.

"ఇప్పుడు సరిచేసేశావుగా?" అన్నాడు.

"చేశానండీ. కానీ ఇప్పటిదాకా ఇచ్చినవి…"

"నేను ఒకటడుగుతాను చెప్పు అబ్బాయ్. ఆ రిపోర్టుల కింద సంతకం ఎవరిది? నీదా, నాదా?"

"డాక్టరు గారిదండీ."

"అది ఆయన చూసుకుంటాడు. అనుమానం ఉన్నవాళ్ళు ఇంకోచోట చూపించుకోవాలని ప్రతి కాగితం కిందా అచ్చు వేసే ఇస్తున్నాం." ఆయన గొంతు పెంచలేదు. రాజీవ్ భుజం మీద చెయ్యి వేసి షెడ్డు చివరికి తీసుకెళ్ళాడు. "నువ్వు ఈ ఊళ్ళో బతకాలి. నేనూ బతకాలి. నలభై మంది ఇళ్ళకి పోయి, మీ రిపోర్టు తప్పంటే వాళ్ళు ఏం చేస్తారో ఆలోచించావా? తప్పు నీ ప్రోగ్రాంది. పోలీసులు వస్తే ముందు నీ షాపుకే వస్తారు. నీ మంచికే చెబుతున్నా."

ఆ మాట అబద్ధం కాదు. రాజీవ్ మండీ లోంచి బయటికి నడిచాడు. షాపుకి వచ్చి డాక్టరు నంబరుకి పదకొండు సార్లు ఫోన్ చేశాడు. పన్నెండోసారికి డాక్టరు ఎత్తాడు. "నాకు పంపిన బొమ్మలో ఏముందో అది రాశాను. కావాలంటే మళ్ళీ తీసి పంపమనండి," అని పెట్టేశాడు. శారదకి ఫోన్ చేస్తే రిజిస్టర్ బీరువాలో పెట్టి తాళం సార్ తీసుకెళ్ళారని చెప్పింది.

ఆ రాత్రి అతను అన్నం ముందు కూర్చుని, కలిపి, తినకుండా లేచాడు. ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుందని ఒకసారి అనుకున్నాడు. ఏమీ కాదు. ఆ పాప ఎలాగూ పోతుందని వాళ్ళు అనుకుంటున్నారు. పోతుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. అంత సుళువుగా ఉండటమే అతన్ని భయపెట్టింది.

బుధవారం పొద్దున్నే మోటార్ సైకిల్ మీద రెడ్డిగూడెం వెళ్ళాడు. దుర్గాప్రసాద్ ఫలానా తోటలో కాయ కోస్తున్నాడని ఊరి సెంటర్లో టీ కొట్టు దగ్గర చెప్పారు. తోటలోకి బండి పోయే దారి లేదు. నడుచుకుంటూ వెళ్ళేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

దుర్గాప్రసాద్ పొడుగాటి గెడ కొసకి చిక్కం కట్టి, తలెత్తి, కాయని వలలోకి లాగి, ఒక్క గుంజు గుంజుతున్నాడు. కాయ కింద పడకుండా గెడ దించుతున్నాడు. చెట్టు కింద అతని భార్య సౌజన్య, ఇరవై నాలుగేళ్ళుంటాయి, ఒక్కో కాయా తీసుకుని తొడిమ విరిచి, సొన కారిపోయేలా బోర్లించి పెడుతోంది. చేతులకి సొన తగిలి కాలిన మచ్చలున్నాయి. పక్కనే ఎరువుల సంచి పరిచి దాని మీద పాపని కూర్చోబెట్టారు. పాప మెడ దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్క లోపలికి పోతోంది. నీడలోనే ఉన్నా నుదురంతా చెమట.

రాజీవ్ తన పేరు చెప్పాడు. సెంటర్ పేరు చెప్పాడు. రిపోర్టులో తప్పు పడి ఉండొచ్చు, పాపని వెంటనే విజయవాడ పెద్దాసుపత్రిలో చూపించాలి అన్నాడు.

దుర్గాప్రసాద్ గెడని చెట్టుకి ఆనించి వచ్చాడు.

"ఏ ఆసుపత్రి తరఫున వచ్చారు?"

"ఎవరి తరఫునా కాదండీ."

"పోయిన వారం కూడా ఒకాయన వచ్చాడు. చిల్లు మూసేస్తామన్నాడు, ముందు సంతకం పెట్టమన్నాడు. నా కూతురు రిపోర్టు మీ ఊళ్ళో ఎంతమంది చేతుల్లో తిరుగుతోందో నాకు తెలియదు. ఒక పేషెంటుని తెస్తే మీకు ఎంత ఇస్తారు సార్?"

అతను కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు. తప్పు చేశానని ఒప్పుకుంటే తిడతారని, కొడతారని రాజీవ్ సిద్ధపడి వచ్చాడు గానీ, నమ్మరని అనుకోలేదు.

"నేను డాక్టర్ని కాదు," అన్నాడు. "కంప్యూటర్లు బాగుచేసుకునేవాడిని. ఆ తప్పు చేసింది నేనే. ఎరుపు ఉండాల్సిన చోట నీలం పడింది."

సౌజన్య చేతిలో కాయ అలాగే పట్టుకుని తలెత్తింది. "ఎలా పడుతుంది?" అంది.

రాజీవ్ ఫోన్ తీశాడు. పొద్దున్న షాపులో కూర్చుని చిన్న ప్రోగ్రాం ఒకటి దాంట్లోకి ఎక్కించుకున్నాడు. ఆమె పక్కన చెట్టునే ముగ్గి రాలిన చిన్నరసం మామిడిపళ్ళు ఒక ట్రేలో ఉన్నాయి. వాటి మీద ఒక ఆకు, పక్కన ఆమె తెల్ల తువ్వాలు. ఫోటో తీశాడు. వేలితో నొక్కాడు. పసుపు కాయలు లేత నీలమైపోయాయి. బుగ్గన ఎరుపున్న కాయ ఒకటి ముదురు నీలం తిరిగింది. ఆకు మాత్రం దాదాపు ఆకులానే ఉంది. తువ్వాలు తెల్లగానే ఉంది.

"ప్రతి చుక్కకీ మూడు గళ్ళుంటాయమ్మా. ఎర్ర అంకె ఒక గడిలో, ఆకుపచ్చ అంకె ఒక గడిలో, నీలం అంకె ఒక గడిలో. పచ్చది మధ్యలో ఉంటుంది కాబట్టి దానికేం కాలేదు. ఆ చివరా ఈ చివరా ఉన్నవి నేను తారుమారుగా చదివించాను. తెలుపుకి మూడు గళ్ళూ సమానం, అందుకని తెలుపు మారదు. గుండె బొమ్మంతా తెలుపూ నలుపే. అందుకే నాకు కనపడలేదు."

పూజిత ముందుకి వంగి ఫోన్ చూసింది. నీలం మామిడికాయలు చూసి నవ్వింది. నవ్వుకి దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా సౌజన్య పాప వీపు మీద చెయ్యేసి ఉంచింది.

"బొమ్మలో రంగు మారింది గానీ కాయ మారలేదు," అంది చివరికి.

"అవునమ్మా."

"రక్తం తిరగబడితే పెదాలు నీలంగా అవుతాయని చెప్పారు ఆ సెంటర్లో. రోజూ పొద్దున్నే వెలుగులోకి ఎత్తుకొచ్చి దీని పెదాలు చూస్తున్నాను. ఇరవై రోజుల్నుంచి చూస్తున్నాను. నీలం ఎప్పుడొస్తుందా అని." ఆమె పాప కింది పెదవిని బొటనవేలితో కొద్దిగా లాగి అతనికి చూపించింది. పాలిపోయి ఉంది గానీ నీలంగా లేదు.

దుర్గాప్రసాద్ పక్కకి తిరిగాడు. "మా ఆవిడ ఏడ్చి ఏడ్చి మొన్ననే కాస్త అన్నం తినడం మొదలుపెట్టింది సార్. మళ్ళీ ఆశ పెట్టుకోమంటున్నారు. అక్కడ కూడా అదే మాట చెబితే ఏం చెయ్యమంటారు?"

"పాప బాగవుతుందని నేను చెప్పలేను," అన్నాడు రాజీవ్. "ఆ కాగితం మాత్రం తప్పు."

సౌజన్య లేచి, సొన చేతులు మట్టితో రుద్ది కడుక్కుంది. "శుక్రవారం వెళదాం," అంది మొగుడితో. "రేపు ఈ తోట అయిపోతుంది. ఆయన్ని కూడా రమ్మను. అక్కడ ఏం జరిగిందో చెప్పాల్సింది ఆయనే."

శుక్రవారం తెల్లారేసరికే ముగ్గురూ పాపని తీసుకుని పెద్దాసుపత్రి చీటీల వరసలో ఉన్నారు. పిల్లల గుండె విభాగం రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. దుర్గాప్రసాద్ పాపని భుజాన వేసుకుని ఎక్కాడు. కారిడార్లో నేల మీదే కూర్చున్నారు. పూజిత ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని నమలడానికే అలసిపోయి, మధ్యలో ఆపి, మళ్ళీ నమిలింది. పదకొండున్నరకి పిలిచారు.

డాక్టరమ్మ పాత రిపోర్టు చదివి పక్కన పెట్టింది. రాజీవ్ జరిగింది చెప్పబోతే చేత్తో ఆపి, "ముందు చూడనివ్వండి," అంది. పాపని పడుకోబెట్టి గుండె మీద ప్రోబ్ పెట్టింది. రాజీవ్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. తెర మీద బూడిదరంగు గుండె కొట్టుకుంటోంది. అతని కళ్ళు ముందు కుడిపక్కనున్న రంగుల పట్టీ మీదికి పోయాయి. పైన ఎరుపు, కింద నీలం. డాక్టరమ్మ ఏదో మీట నొక్కింది. గుండె నడిమి గోడలో సన్నటి సందు దగ్గర రంగు పుట్టింది. ఎర్రగా, మధ్యలో పసుప్పచ్చ నిప్పురవ్వల్లా, గుండె కొట్టుకున్న ప్రతిసారీ చిమ్ముతోంది.

అతను తలుపు చట్రం పట్టుకున్నాడు.

ఆమె తొందరపడలేదు. అటునుంచి చూసింది, ఇటునుంచి చూసింది, గీతలు గీసి అంకెలు కొలిచింది. చివరికి పాప ఛాతీ మీద జెల్లు తనే తుడిచింది.

"ఎడమ నుంచి కుడికే పోతోంది," అంది సౌజన్యతో. "ఆపరేషన్ చెయ్యొచ్చు. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతోంది, అది పెరిగిపోతే అప్పుడు రక్తం నిజంగానే తిరగబడుతుంది. ఈ కాగితం పట్టుకుని ఇంట్లోనే కూర్చుని ఉంటే ఒకటి రెండేళ్ళలో ఇందులో రాసిందే నిజమయ్యేది. సోమవారం తీసుకొచ్చి చేర్పించండి."

తర్వాత రాజీవ్ చెప్పింది విని, ఆ పాత రిపోర్టు మీద ఏదో రాసుకుని, దాని ఫోటో తీసుకుంది.

కారిడార్లోకి వచ్చాక సౌజన్య గోడకి చేరగిలబడి, అలాగే జారి కూర్చుంది. ఏడవలేదు. పాపకి గౌను గుండీలు పెట్టడం మొదలుపెట్టి, ఒక గుండీ పక్క కాజాలో పెట్టి, తీసి, మళ్ళీ అందులోనే పెట్టింది. దుర్గాప్రసాద్ గోడ వైపు తిరిగి నుదురు దానికి ఆనించి నిలబడ్డాడు. ఎవరూ రాజీవ్ వంక చూడలేదు. అతను కిందికి వెళ్ళి మూడు టీలు తెచ్చాడు. అయిపోయిందని అనుకున్నాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆకలేసింది.

బస్టాండులో రెడ్డిగూడెం వైపు పోయే మైలవరం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. దుర్గాప్రసాద్ పాపని ఎత్తుకుని ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. సౌజన్య ఎక్కబోయి మెట్టు దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి రాజీవ్ దగ్గరికి వచ్చింది.

"ఒకటి అడుగుతానండీ. మా పాపకి ఎరుపుని నీలం చేసింది మీ కంప్యూటర్."

"అవునమ్మా."

"మరి నీలాన్ని ఎరుపు చేసింది ఎవరికి?"

రాజీవ్ బస్సు కిటికీలోంచి కనిపిస్తున్న పాప వంక చూశాడు.

"నా బిడ్డకి లేని చావు రాసింది. ఉన్న జబ్బు లేదని ఎవరికి రాసింది? రెండూ తారుమారయ్యాయని మీరేగా చెప్పారు."

మంగళవారం నుంచీ ఆ సంగతి అతనికి తెలుసు. స్టూలు మీద కూర్చున్న నిమిషంలోనే తెలుసు. తెలిసీ దాని వైపు తిరగలేదు. ఈ ఒక్క పాప సంగతి చూస్తే చాలని, ఇది సరిపోతే మిగతాది కూడా ఎలాగో సరిపోతుందని తనకి తనే నచ్చచెప్పుకుంటూ వచ్చాడు. చెడు వార్త విన్నవాళ్ళు ఇంకో డాక్టరు దగ్గరికైనా పోతారు. బాగుందని విన్నవాళ్ళు ఎక్కడికీ పోరు.

"రిజిస్టర్ బీరువాలో ఉంది. తాళం ఓనర్ దగ్గరుంది," అన్నాడు.

"ఆ స్కాన్ తీసే ఆవిడకి ఫోన్ చెయ్యండి."

మైలవరం బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. సౌజన్య కిటికీ దగ్గరికి వెళ్ళి మొగుడితో రెండు మాటలు చెప్పి, పాప కాలు ఒకసారి పట్టుకుని వదిలింది. బస్సు వెళ్ళిపోయింది. హనుమాన్ జంక్షన్ మీదుగా నూజివీడు పోయే బస్సు పక్క ప్లాట్‌ఫారం మీద ఉంది. ఆమె ముందు ఎక్కింది, అతను వెనక ఎక్కాడు.

గన్నవరం దాటేదాకా శారద ఫోన్ ఎత్తలేదు. ఎత్తాక రాజీవ్ పాప సంగతి చెప్పాడు. ఆమె గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"సార్ నిన్న తాళం ఇచ్చారు, పాత పేషెంటు ఎవరో వస్తే. మళ్ళీ అడగలేదు. రిజిస్టర్ నా ముందే ఉంది. మీరు బొమ్మలు సరిచేసి పెట్టారు కదా, పొద్దుట్నుంచి నంబర్లు పెట్టుకుని ఒక్కొక్కటీ చూస్తున్నాను రాజీవ్ గారూ. చదవడం నాకు రాదని పదిహేనేళ్ళు అన్నాను. కొద్దిగా వచ్చు."

"ఎంతమంది?"

"చాలా మందికి రంగుతో పనే లేదు, గోడలు, సైజులు అంతే. తేడా పడేవాళ్ళు ముగ్గురు కనిపించారు. ఇద్దరివి చిన్నవి. ఒకాయనది మాత్రం కవాటం సరిగా మూసుకోవడం లేదు. రక్తం వెనక్కి కారుతోంది. పెద్ద నీలం మచ్చ. డాక్టరు గారికి అది ఎర్రగా వెళ్ళింది. మామూలే, లీకేజీ ఏమీ లేదని రాసేశారు." కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. "పున్నయ్య. యాభై రెండేళ్ళు. హమాలీ. హనుమాన్ జంక్షన్ అని ఉంది. ఫోన్ చేస్తే స్విచాఫ్ వస్తోంది."

రాజీవ్ ఫోన్ పెట్టేసి ఆ మాటలన్నీ సౌజన్యకి చెప్పాడు. బస్సు జంక్షన్ చేరగానే ఇద్దరూ దిగారు.

మధ్యాహ్నం మూడున్నర. హైవే పక్కన మామిడికాయల షెడ్ల ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. మొదటి షెడ్డులో పున్నయ్య ఎవరో తెలియదన్నారు. రెండో షెడ్డులో గుమాస్తా పెన్ను చెవికి పెట్టుకుని, వెనక్కి చెయ్యి చూపించాడు. అక్కడ ఉత్తరాదికి పోయే లారీ ఒకటి వెనక తలుపులు తెరుచుకుని ఉంది. నేల నుంచి లారీలోకి చెక్క పలక ఏటవాలుగా వేశారు. కాయలు నింపిన ట్రేలు నలుగురు మోస్తున్నారు.

నలుగురిలో పెద్దవాడు ట్రే తల మీద పెట్టుకుని పలక మొదట్లో నిలబడి ఉన్నాడు. ఎక్కే ముందు నోరు తెరిచి రెండుసార్లు గాలి పీల్చుకున్నాడు. కాళ్ళు పాదాల దగ్గర ఉబ్బి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగి ఉన్నాయి.

"పున్నయ్య గారేనా?" అన్నాడు రాజీవ్. "నూజివీడు స్కాన్ సెంటర్ నుంచి వచ్చాం."

ఆయన మొహం విప్పారింది. "మీ సెంటరేనా బాబూ," అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "చల్లటి కబురు చెప్పారు. ఇంట్లోవాళ్ళు… పని మానెయ్యమని ఒకటే గోల. గుండెకేం లేదని… మీ కాగితం చూపించాక ఊరుకున్నారు. సీజనంతా పోతుందనుకున్నా. మర్నాడే… పనిలోకి దిగాను."

రాజీవ్ నోరు తెరిచాడు. నీలం, ఎరుపు, గళ్ళు, అంకెలు, అన్నీ లోపలే ఉండిపోయాయి. వెనకున్న హమాలీ త్వరగా కదలమని కేకేశాడు. పున్నయ్య ఇంకా నవ్వు మొహంతోనే పలక మీద ఒక కాలు వేశాడు.

సౌజన్య రాజీవ్‌ని దాటుకుని ముందుకు వచ్చింది. రెండు చేతులూ ఎత్తి ఆయన తల మీదున్న ట్రేని ఒక పక్క పట్టుకుంది.

"ఇది దించు బాబాయ్," అంది. "ఇలా వచ్చి నీడలో కూర్చో."